గండికి వీపు పెట్టి

నీడ ఆ ముళ్ళపొదని తాకాక చూద్దాం, అనుకున్నాడు ముతేర్. ఇందాక కూడా ఇలాగే అనుకున్నాడు, అప్పుడు పెట్టుకున్న హద్దు ముళ్ళపొద కాదు, దానికి ఇవతలి గుండ్రాయి. కొండనీడ గుండ్రాయిని మింగి, ఆపైన మూరెడు ఇసుక కూడా మింగింది, అయినా వెనక గండిలోంచి టీచరమ్మ రాలేదు. రాలేదని తిరిగి చూడ్డానికి లేదు. ఆడమనిషి మరుగుకి వెళ్ళినప్పుడు మగాడు అటు వీపు పెట్టి నిలబడతాడు, ఆమె వచ్చి పక్కన నిలబడేదాకా కొండ విరిగి నెత్తిన పడ్డా మెడ తిప్పడు, ఇది ఎవరో కూచోబెట్టి నేర్పిన పాఠం కాదు, తల్లిపాలతో పాటు లోపలికి పోయినది. అసలు ఆ గండి చూపించినవాడు తనే. పొద్దున్నించీ ఎర్ర ఇసుకలో తిరిగి తిరిగి, మధ్యాహ్నం రొట్టె తిన్నాక, ఆవిడ చేతిసంచి సర్దుకుంటూ ఎటో చూస్తూ, "ఏమయ్యా, ఇక్కడ ఎక్కడైనా కొంచెం చాటు ఉందా?" అంటే, "అదుగో టీచరమ్మా, ఆ రెండు కొండల మధ్య గండి, రెండు మలుపులు లోపలికి పోతే పిట్ట కూడా చూడదు," అన్నాడు, పెద్ద మేలు చేస్తున్నవాడిలా. పిట్ట కూడా చూడదట. ఆ మాటే ఎందుకొచ్చిందో, ఈ నోటికి వేరే మాట దొరకలేదా.

పేరు నజీహా. ఎక్కడో ఉత్తరాన ఇర్బిద్ నుంచి, రాత్రంతా బస్సులో కూచుని, ఒక్కతే వచ్చింది. పొద్దున పికప్ ఎక్కించుకుంటూ, "మిమ్మల్ని ఎవరి తల్లి అని పిలవాలమ్మా?" అని మర్యాదగా అడిగాడు, మావాళ్ళలో పెళ్ళయిన ఆడదాన్ని పేరుపెట్టి పిలవరు కదా, పెద్దకొడుకు పేరు చెప్పి వాడి తల్లి అంటారు. "ఎవరి తల్లినీ కాదు, పెళ్ళే లేదు," అంది ఆవిడ. పోనీ హాజ్జా అందామంటే, "నేను మక్కా పోలేదు, పోయేంత ముసలిదాన్నీ కాను, యాభై తొమ్మిదే," అని కసిరింది. చివరికి టీచరమ్మ దగ్గర రాజీ కుదిరింది. ముప్ఫైమూడేళ్ళు భూగోళం చెప్పిందట, ఏటా ఆరో తరగతికి వాది రమ్ కొండల గురించి నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి చెప్పిందట, ఇసుకరాయి, గాలి కోత, నీటి కోత, ఒక్కసారీ కంటితో చూడలేదట. ఇప్పుడు కొండ కొండ దగ్గరా దిగి, అరచెయ్యి ఆనించి, "నువ్వేనా," అని రాయిని పలకరిస్తుంది. దారిలో తనకీ పరీక్ష పెట్టింది. "చెప్పు చూద్దాం, ఎడారిలో దాహంతో పోయేవాళ్ళు ఎక్కువా, నీళ్ళలో పోయేవాళ్ళు ఎక్కువా?" "పెళ్ళాం నోట్లో పడి పోయేవాళ్ళు ఎక్కువ టీచరమ్మా." ఆవిడ డొక్కలు పట్టుకుని నవ్వింది, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నీళ్ళలో. రాసుకో," అంది. తనకి తెలియదా. తెలిసినవాడే తెల్లారుజామున పడమటి పీఠభూమి మీద మెరుపు చూశాడు, రెండుసార్లు, చప్పుడు లేని మెరుపు. చూసి ఏమనుకున్నాడు, వాన అక్కడ, మనం ఇక్కడ, అనుకున్నాడు. వానకి కాళ్ళుంటాయని పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. ఆవిడకి రేపే బస్సు, ముప్ఫైమూడేళ్ళ కోరిక, ఎలా వద్దంటాడు. ఛీ, వద్దనాల్సింది, నోరు పడిపోయిందా.

టీ మూడోసారి పొంగి పుల్లల మీద పడి చుర్రుమంది. మొదటిసారి దించినప్పుడు రంగు సరిగ్గా ఉంది, ఆవిడ రాగానే గ్లాసులో పోద్దామని పక్కన పెట్టాడు, చల్లారితే మళ్ళీ పెట్టాడు, ఇప్పుడది తారులా నల్లబడి గిన్నెకి అంటుకుంటోంది, పెళ్ళాం ఫిద్దా చూస్తే, టీ కాచావా, చెప్పులు ఉడకబెట్టావా, అంటుంది. ఫిద్దాని తల్చుకోకూడదు ఇప్పుడు. ముతేర్ గట్టిగా దగ్గాడు. మగాడు ఇంట్లోకి పోయేముందు దగ్గినట్టు, నేనున్నానని చెప్పే దగ్గు. కొండలు దాన్ని పట్టుకుని అటూ ఇటూ విసురుకుని తిరిగిచ్చాయి, లోపల్నించి ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా జవాబే, ఆడదాని వైపునుంచి మౌనం వస్తే దానర్థం ఒక్కటే, ఇంకా కాలేదు, అక్కడే ఉండు. ఉన్నాడు. కాసేపాగి, "యా సాతిర్!" అన్నాడు, పైకే, గొంతు కొంచెం పెంచి. ఓ మరుగు కాపాడేవాడా, అని దేవుణ్ణి పిలవడం అది, నిజానికి పిలిచేది దేవుణ్ణి కాదు, లోపలున్న ఆడవాళ్ళని, కొంగు సర్దుకోండమ్మా, మగాడొస్తున్నాడు, అని. అన్నంతలో ఆవిడ, రావొద్దు, అనైనా అనాలి, వస్తున్నా, అనైనా అనాలి. అనలేదు. పట్నం ఆవిడ, కడుపులో బాగాలేదేమో, మధ్యాహ్నం మేక పాల పెరుగు రెండు గిన్నెలు తాగింది, వద్దు టీచరమ్మా అలవాటు లేని కడుపు అంటే, నీ పని నువ్వు చూసుకో అంది. అదే అయ్యుంటుంది. అదే అయితే ఇంకా సేపు పడుతుంది. అలాంటప్పుడు తను పోయి ఎదురుపడితే, ఆవిడ సిగ్గుతో ఇర్బిద్ దాకా తల ఎత్తదు, తన మొహం మీద ఉమ్మేసి పోయినా తప్పులేదు. పికప్ దగ్గరికి పోయి హారన్ కొడితే? అది మెత్తటి ఇసుకలో దిగబడకుండా దిబ్బకి అవతల పెట్టొచ్చాడు, పోవడానికి పావుగంట, రావడానికి పావుగంట, ఈలోగా ఆవిడ బయటికొచ్చి మనిషి లేకపోతే? అతిథిని ఎడారిలో వదిలేసి పోయాడనే పేరు ఏడు తరాలకి చాలు.

ఎదురుగా కొండలు ఎప్పటిలాగే ఉన్నాయి. మావాళ్ళు జంటమూపురాలు అనే కొండ, దాని పక్కన ముసలమ్మ ముక్కు, ఆ వెనక నడుం దగ్గర సన్నబడి ఎప్పుడు పడిపోతుందో అన్నట్టు ఉండే కూజా, ముతేర్ తాత పుట్టకముందు నించీ పడిపోతూనే ఉంది. మధ్యాహ్నం ఎండలో పాలిపోయి ఉంటాయి, పొద్దు వాలేకొద్దీ లోపల్నించి ఎర్రదనం పైకి వస్తుంది, ఖర్జూరపు పాకం కారి గడ్డకట్టినట్టు మడతలు మడతలుగా. ఆ మడతలన్నీ నీళ్ళు చేసినవే అంది టీచరమ్మ, కోట్ల ఏళ్ళ నీళ్ళు. కోట్ల ఏళ్ళు ఎందుకు, ముప్ఫైయొక్క ఏళ్ళే తనకి లెక్క అందడం లేదు. జంటమూపురాలకి ఎడమ పక్క, ఇక్కణ్ణించి కనపడదు గానీ, ఒక పెద్ద రాతిగోడ, దాని వెనక ఇంత నీడ, ఆ నీడ దగ్గరికి ముతేర్ ఏ అతిథినీ తీసుకుపోడు. అక్కడ చూడ్డానికేం లేదండీ, అంటాడు. రాళ్ళ మీద పాతకాలం వాళ్ళు గీసిన ఒంటెల బొమ్మలున్నాయి నిజానికి, చాలా మంచి బొమ్మలు. ఆ రోజు ఫిద్దా మేకల ముందు నడుస్తూ నడుస్తూ ఆగింది, ఎనిమిదో నెల, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నవ్వుతూనే, "కాస్త నొప్పిగా ఉంది, ఆ రాతి వెనక్కి పోయొస్తా. నేను పిలిచేదాకా ఇటు తిరగకు," అంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. పెళ్ళయి రెండో ఏడు. ఆపు. ఇప్పుడు అది వద్దు. నీడ ఎంతదాకా వచ్చిందో చూడు.

నీడ లేదు. ముతేర్ కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. ముళ్ళపొదకి జానెడు దూరంలో ఉండాల్సిన నీడ అంచు అక్కడ లేదు, ఎక్కడా లేదు, గుండ్రాయికీ లేదు, తన కాళ్ళకిందా లేదు, మైదానం అంతా ఒకే బూడిదరంగు. అంటే వెనక పొద్దు మబ్బులోకి పోయింది. వెనకే, అంతా వెనకే జరుగుతోంది, మబ్బు వెనక, గండి వెనక, ఆవిడ వెనక, తను మాత్రం ముందుకి చూస్తూ నిలబడ్డాడు గుడ్డి ఎద్దులా. నీడ తాకాక చూద్దామని ఒట్టు పెట్టుకున్నాడు, ఇప్పుడు నీడే లేకపోతే ఎప్పుడు చూడాలి? దూరంగా వాగు పల్లంలో మేస్తున్న నాలుగు ఒంటెలు తలలెత్తాయి, ముందుది మెల్లగా కదిలింది, మిగతావి దాని వెనక, తొందర లేకుండా, దిబ్బ పైకి. ఒంటెకి ఎవరు చెప్పారు? మెడ మీద చల్లగా తగిలింది. గాలి. మైదానం మీంచి రావాల్సిన సాయంత్రపు గాలి కాదు, వీపు వైపు నించి, గండి నోట్లోంచి, మూత తీసిన బావిలోంచి వచ్చినట్టు, తడిసిన దుమ్ము వాసనతో. ముతేర్ ఆ వాసన పీల్చాడు, పీల్చి, కాదులే అనుకున్నాడు, మనిషి ఎంత మూర్ఖుడో చూడండి, ముక్కు చెబుతున్నా, ఒంటె చెబుతున్నా, కాదులే.

"యా సాతిర్! టీచరమ్మా!" ఈసారి అరిచాడు. కొండలు అరిచాయి. టీచరమ్మా మ్మా మ్మా. జవాబు లేదు. లేకపోతే అర్థం ఒక్కటే, ఇంకా కాలేదు, అక్కడే ఉండు. ఆ రోజూ ఇంతే. ఇంతకంటే ఎక్కువసేపు. మేకలు రాతినీడలో పడుకుని నెమరేస్తున్నాయి, తను గోడకి వీపు పెట్టి కర్రముక్క మీద చాకుతో ఒంటెబొమ్మ చెక్కుతూ కూచున్నాడు, పుట్టబోయేవాడి కోసం. ఫిద్దా పిలవలేదు. పిలవలేదంటే బాగానే ఉందని. నొప్పులొస్తే ఏ ఆడదైనా అరుస్తుంది కదా, అరవలేదంటే నొప్పులు కావని, ఇరవైనాలుగేళ్ళ వెధవకి అంతకంటే ఏం తెలుసు. ఒకసారి మాత్రం వినపడింది. సన్నగా, ఒకే ఒక్కసారి, గాలి తెర మీద వచ్చి ఆగిపోయింది. చాకు ఆగింది. మెడ సగం తిరిగింది, అవును, సగం తిరిగింది, ఇది దేవుడికి తెలుసు, తనకి తెలుసు. కౌజు పిట్ట, అనుకున్నాడు. ఈ రాళ్ళ నిండా కౌజులే కదా. మెడ మళ్ళీ ముందుకి తిప్పుకుని ఒంటెకి మూపురం చెక్కాడు. ఆ తర్వాత ఎంతసేపటికో ఫిద్దా తనంతట తనే నడిచొచ్చింది, మొహంలో నెత్తురు చుక్క లేదు, చేతుల్లో తన శాలువా చుట్టి పట్టుకుంది, చిన్న మూట. ఆడపిల్ల. బొడ్డు తనే కోసుకుందట, రాతి మొనతో. ఏడవబోయింది, ఊపిరి అందలేదు, అంది ఫిద్దా, ఇద్దరం ఉంటే బోర్లా తిప్పి వీపు తట్టి ఏమైనా చేసేవాళ్ళం, నాకు చేతులు చాలలేదు.

ఊరంతా మెచ్చుకుంది, అదే ఇప్పటికీ గొంతులో ముల్లు. అమ్మ గుడారం గుడారం తిరిగి చెప్పింది, మా కోడలు పళ్ళబిగువున భరించిందే గానీ మొగుడున్నాడని నోరు విప్పలేదు, కోడలంటే అదీ, అని. మామయ్యలు తన భుజం తట్టారు, మాట మీద నిలబడ్డావురా, మెడ తిప్పలేదు, మగాడంటే నువ్వు, అని కాఫీ పోశారు. తాగాడు. ఆ కాఫీ ఎలా దిగిందో. నలభయ్యో రోజు ఫిద్దా రొట్టెల పిండి పిసుకుతూ, అటే చూస్తూ, "నేను పిలవలేదు సరే, నువ్వెందుకు తిరిగి చూడలేదు?" అంది. అంతే. ఏడుపు లేదు, తిట్టు లేదు. తర్వాత పెద్దవాడు ఫహద్‌తో కలిపి నలుగురు కొడుకులు, ఒక కూతురు, అన్ని కాన్పులూ పట్నంలో ఆస్పత్రి మంచం మీద, ఫిద్దా ఇప్పుడు ఇంటికి దొరసాని, నోరు తెరిస్తే నలుగురు నవ్వాల్సిందే. కానీ ఎప్పుడో, ఏ సంబంధం లేనప్పుడు, మేక తాడు తెంపుకుపోతేనో, పొయ్యి మీద పాలు పొంగిపోతేనో, "మీ నాన్నకి తిరిగి చూసే అలవాటు లేదులే," అని పిల్లలతో అంటుంది, పిల్లలు పకపకా నవ్వుతారు, తనూ నవ్వుతాడు. పిట్ట సంగతి ఆమెకి చెప్పలేదు. విన్నానని చెప్పలేదు. వినలేదనుకుంటోంది పాపం, అందుకే ఇన్నేళ్ళు వీడితో కాపరం చేసింది. విన్నాడని తెలిస్తే?

గాలి ఇప్పుడు తలగుడ్డ అంచుల్ని ముందుకి ఎగరేస్తోంది. ముతేర్ ఒక అడుగు వేశాడు, ముందుకి కాదు, వెనక్కి. తిరక్కుండానే, మడమతో నేల వెతుక్కుంటూ, ఇంకో అడుగు. ఇది తప్పు కాదు కదా, మొహం ఇటే ఉంది కదా, కళ్ళు జంటమూపురాల మీదే ఉన్నాయి కదా. ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకుంటారు, యాభైఅయిదేళ్ళవాడు, మనవళ్ళున్నవాడు, వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. నడవనీ. ఇసుక గులకగా మారింది, గులక రాయిగా మారింది, రెండు పక్కలా గోడలు పైకి లేచి ఆకాశాన్ని గుడ్డపేలిక చేశాయి. "టీచరమ్మా, నేను వస్తున్నా, అటు చూట్టం లేదు, వెనక్కి నడుస్తున్నా, ఒక్క మాట అనండి, రావొద్దంటే ఆగిపోతా!" రావొద్దని అయినా అనొచ్చు కదా తల్లీ. మొదటి మలుపు గోడ మోచేతికి తగిలింది. అక్కడ ఆగాడు. ఇక్కడితో హద్దు. ఇక్కణ్ణించి ఆవిడ కనపడొచ్చు, కనపడకపోవచ్చు. అరికాళ్ళ కింద రాయి వణుకుతున్నట్టుంది, తన కాళ్ళే వణుకుతున్నాయేమో. అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, తిరిగాక ఏమీ కాకపోవడం, ఆవిడ చక్కగా కూచుని ఉండటం, సిగ్గులేనివాడా, అనడం. వరదకంటే ఆ మాటకే భయపడుతున్నాడు. అప్పుడు కూడా దానికే భయపడ్డాడు, ఇన్నేళ్ళకి తెలిసింది, మర్యాద కాదు, మాట నిలబెట్టుకోవడం కాదు, భయం. అప్పుడు వినపడింది. సన్నగా. ఒకే ఒక్కసారి. లోపల్నించి.

కౌజు పిట్ట, అంది మనసు, అలవాటుగా, వెంటనే.

ముతేర్ తిరిగాడు. తిరిగి పరుగెత్తాడు, నిలువునా, చెప్పులు జారిపోతే వదిలేసి, మొదటి మలుపు, రెండో మలుపు, అక్కడ నున్నటి ఏటవాలు రాయి కింద, పాత వానలు తొలిచిన గుంటలో, నడుం దాకా దిగి టీచరమ్మ ఉంది. ఒక కాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది, కోటు చిరిగి పక్కకి పోయింది, తల మీది గుడ్డ రెండు బారల దూరంలో ముళ్ళకి తగులుకుని ఎగురుతోంది, నెరిసిన జుట్టంతా విప్పుకుపోయి మొహం మీద పడింది. ఆవిడ రెండు చేతులతో తల కప్పుకుంది. ముందు తల కప్పుకుంది, కాలు కాదు. ముతేర్ తలకి బిగించిన నల్లతాడు ఊడదీసి, తన తలగుడ్డ లాగి ఆవిడ మీదికి విసిరాడు. పదిహేనో ఏట కట్టిన గుడ్డ, పరాయి ఆడదాని ముందు ఏ రోజూ తియ్యనిది. బట్టతల మీద చల్లగాలి కొట్టింది.

"ముట్టుకుంటున్నా టీచరమ్మా."

"ముట్టుకోవయ్యా, చీటీ రాసివ్వాలా!"

చంకల కింద చేతులేసి లాగాడు. రాలేదు. బూటు లేసులు చాకుతో కోశాడు, కాలు బూటులోంచి ఊడి వచ్చింది, ఆవిడ కెవ్వుమంది, అదే మొదటి కేక. పైన గోడలోంచి ముందుకొచ్చిన రాతిచూరు ఉంది, కుర్రతనంలో పందెంవేసి ఎక్కిన చూరు, గోడలో పట్టుకి గంట్లున్నాయి. భుజం కింద పెట్టి ఆవిణ్ణి ఎక్కించాడు, ఎంత బరువు, భూగోళమంతా మోస్తున్నట్టు, వెనకనించి చప్పుడు వచ్చింది, ముందు లారీల బారు వస్తున్నట్టు, తర్వాత అది కూడా కాదు, గోడే గొంతు తెరిచినట్టు. తను పైకి ఒళ్ళు ఈడ్చుకున్నాక నీళ్ళొచ్చాయి. నీళ్ళు కాదు, ముందు పుల్లలు, పేడ, నురగ, ఒక చచ్చిన మేకపిల్ల, ఆ వెనక ఎర్రటి గోడ. గుంట నిండింది. టీచరమ్మ తలగుడ్డ ముళ్ళతో సహా పోయింది. ఆ నీళ్ళు మలుపు తిరిగి, గండి దాటి, ఇందాక తను వీపు పెట్టి నిలబడ్డ చోటుకి, పొయ్యి దగ్గరికి, నల్లటి టీ దగ్గరికి పోయాయి.

ఇద్దరూ గోడకి ఆనుకుని చాలాసేపు నీళ్ళ వైపే చూస్తూ కూచున్నారు. ఆవిడ చీలమండ బూరెలా వాచింది. కళ్ళద్దాలు ఎక్కడో పోయాయి. ముతేర్ తలగుడ్డని గడ్డం కింద ముడేసుకుంది.

"నా దగ్గు వినపడలేదా టీచరమ్మా?"

"దగ్గు విన్నా, యా సాతిర్ విన్నా, వెనక్కి నడుస్తున్నా అన్నదీ విన్నా."

"మరి పలకలేదేం?"

"పలికితే వస్తావని. జారి పడ్డప్పుడు తల మీద గుడ్డ ఎగిరిపోయింది. పుల్లతో లాక్కుని కప్పుకుని, అప్పుడు పిలుద్దామని." ఆవిడ గడ్డం కింద ముడి బిగించుకుంది. "ఇదుగో అందింది, ఇదుగో అందింది అనుకుంటూనే ఉన్నా. ముప్ఫైమూడేళ్ళు పాఠం చెప్పానయ్యా ఈ వరద గురించి. గాలి మారగానే తెలిసింది నాకు. తెలిసీ గుడ్డ కోసమే చూశా. నేను పలకకుండానే ఎలా వచ్చావు?"

"పలికారు కదా. చివర్లో. ఒక్కసారి."

"నేనా? పళ్ళు బిగించి కూచున్నా. అది పిట్ట. ఆ ఎదుటి రాతి మీదికొచ్చి, నన్ను ఎగాదిగా చూసి, ఒక్క కూత కూసి పారిపోయింది."

ముతేర్ నవ్వాడు. నవ్వు ఆగలేదు, ఆగకుండా అది వేరే దారి పట్టింది, అరచేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు, యాభైఅయిదేళ్ళ మనిషి బోడితలతో, ఆవిడ ముందే. టీచరమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి మెల్లగా తట్టింది.

వరద మోకాలి లోతుకి తగ్గేసరికి మబ్బు విరిగి, కొండల కొసలకి మళ్ళీ ఎరుపొచ్చింది. చూరు చివర ఫోన్‌కి సిగ్నల్ అందే చోటు ఉంది, అక్కడ నిలబడగానే అది మోగింది. ఫిద్దా. పదకొండోసారి చేస్తోందట.

"ఎక్కడ చచ్చావు అబూ ఫహద్? మబ్బు ఎటుందో చూడొద్దూ? ఆవిడేదీ?"

"ఉంది. కాలు వాచింది, అంతే." ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. "ఫిద్దా, గండిలో ఉండిపోయింది ఆవిడ. నేను తిరిగి చూశాను."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"పిలిచిందా?" అంది ఫిద్దా.

"పిలవలేదు."

ఫోన్ తెగిపోయిందేమోనని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు, లేదు, ఊపిరి వినిపిస్తోంది.

"పిట్ట కూసింది, అందుకు తిరిగాను," అన్నాడు. "ఫిద్దా, ఆ రోజు కూడా కూసింది. విన్నాను. పిట్టే అనుకున్నాను."

కింద నీళ్ళు రాళ్ళని దొర్లించుకుపోతున్నాయి. టీచరమ్మ అటు తిరిగి, కొండని చూస్తున్నట్టు కూచుంది.

"మన పిల్లకి గొంతుందని నేనొక్కదాన్నే విన్నాననుకున్నా," అంది ఫిద్దా ఎప్పటికో. అంతకుముందెప్పుడూ తను ఎరగని గొంతు అది. "ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే అనుకున్నా. నువ్వు రా. ముందు ఇంటికి రా."